లేనిదాన్ని చాటే నంజప్ప సారు

మా నంజప్ప సారుకు ఒకటే జబ్బు. ఎక్కడైనా ఏదైనా లేకపోతే, అది లేదని నలుగురికీ వినబడేలా చెప్పందే ఆయన నోరు ఊరుకోదు. ఉన్నవాటి సంగతి ఆయనకు పట్టదు. మీరు కొత్త చీర కట్టుకొని ఎదురుపడితే చీర కనబడదు, గొడుగుకు ఊడిపోయిన కమ్మీ కనబడుతుంది. ఏ పని మొదలుపెట్టినా ముందు "అది ఉండాదా? ఇల్లాట్టి?" అని అడుగుతాడు. అరవంలో ఇల్లాట్టి అంటే లేకుంటే అని. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం మాట్లాడే మా ధర్మపురి వాళ్ళ నోట్లో రెండూ కలిసిపోయి ఉంటాయి గనుక ఊరంతా ఆయనకు ఇల్లాట్టి నంజప్ప అనే పేరు పెట్టింది. ఎదురుగా మాత్రం సార్ అనేవాళ్ళు. నేనూ అంతే.

ఆయన గురించి చెప్పమంటే జనం నవ్వడానికి సిద్ధమై కూర్చుంటారు. నవ్వండి, నాకేం. కాకపోతే నా నోరు కొంచెం చేదు. ఎందుకు చేదో పోనుపోను మీకే తెలుస్తుంది.

నల్లంపల్లిలో ఆయన సొంత తమ్ముడి కూతురి పెళ్ళి. మూడో పంక్తికి పాయసం అయిపోయింది. వంటవాళ్ళు మామూలుగా ఏం చేస్తారు? పాయసం ఊసెత్తకుండా మజ్జిగ పోసేస్తారు. అడిగినవాడికి ఇదిగో వస్తోంది అంటారు. నంజప్ప సారు ఒక నల్లబల్ల సంపాదించి, దాని మీద సుద్దతో "ఈ పంక్తికి పాయసం లేదు, తెలిసి కూర్చోండి" అని రాసి పందిరి వాకిట్లో నిలబెట్టాడు. మగపెళ్ళివారు అవమానం జరిగిందని లేచారు. తమ్ముడు వాళ్ళ కాళ్ళావేళ్ళా పడ్డాడు. పాయసం నేను తాగేయలేదే, లేదని చెప్పాను అంతే కదా అని ఈయన వాదన. ఆ తమ్ముడు నాలుగేళ్ళు ఆయనతో మాట్లాడలేదు.

ఇంకోసారి సేలం పోయే బస్సు. తొప్పూరు ఘాటు దిగే ముందు టీ కోసం ఆపారు. సారు డ్రైవరు దగ్గరికి పోయి చేతిబ్రేకు ఉందా అని అడిగాడు. అది పోయి నెలయింది, కాలిబ్రేకు ఉంది కదా, చేతిది ఉంటే మంచిదే గానీ లేకున్నా బండి నడుస్తుంది అన్నాడు డ్రైవరు. అంతే. సారు బస్సు మెట్టెక్కి, ఈ బండికి చేతిబ్రేకు లేదు అని గుడి పూజారి ప్రసాదం గురించి చెప్పినంత ప్రశాంతంగా చాటాడు. పద్దెనిమిది మంది, రెండు కోళ్ళతో సహా దిగిపోయారు. కండక్టరు నోటికొచ్చినట్టు తిట్టాడు. సారు మాత్రం కిటికీ పక్కన కూర్చొని ఘాటు దిగాడు. మీరు దిగలేదేం అని నేను తర్వాత అడిగితే ఇట్లా అన్నాడు:

"నాకు తెలుసు కదా. తెలిసి కూర్చుంటే అది నా ఇష్టం. తెలవకుండా కూర్చోబెడితే అది వాని మోసం."

ఇంట్లో ఆయన భార్య గౌరమ్మ పాట్లు వేరే. రసంలో ఇంగువ లేకపోతే వడ్డించే ముందే చెప్పాలి. చెప్పకపోతే ఆయన ముద్ద నోట్లో పెట్టుకొని పక్కింటికి వినబడేలా ప్రకటిస్తాడు. ఒకరోజు ఆమె వాకిట్లోనే ఎదురొచ్చి ఇంగువ లేదు, కొత్తిమీర లేదు, నాకు ఓపిక లేదు అని లోపలికి పోయి పడుకుంది. సారు సంతోషంగా తనే వడ్డించుకొని తిన్నాడు. ఇంత వివరంగా చెప్పే ఇల్లాలు ఎవరికి దొరుకుతుందని నాతో మురిసిపోతూ చెప్పాడు.

ఇక నా సంగతి. నా పేరు సరసు. మా నాన్న తాపీమేస్త్రి. నేను టైపింగు హయ్యరు పాసయి, ఊరి బయట ఉన్న ఒక కుష్ఠు ఆసుపత్రిలో దినకూలీ మీద టైపిస్టుగా చేరాను. 1988 చివర్లో ఆ ఆసుపత్రికి దాతలెవరో ఒక కంప్యూటరు పంపారు. దాన్ని నడపడానికి నంజప్ప సారును పెట్టుకున్నారు. ఆయన బెంగళూరులో ఒక ఫ్యాక్టరీ కంప్యూటరు విభాగంలో పదిహేనేళ్ళు పనిచేసి, అక్కడా ఏదో లేదని మేనేజరు మొహం మీద చెప్పి, సొంత ఊరికి వచ్చేశాడు.

మాకు కావలసింది రోగుల జాబితా చూసుకొనే ప్రోగ్రాం. అది అమెరికాలో ఎవరో రాసి ఊరికే పంచిపెట్టిందట. విప్పి చూసుకోవచ్చు, సరిదిద్దుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వొచ్చు. అయితే అది ఫ్లాపీల్లో ముక్కలుగా వస్తుంది. ఆ ముక్కలన్నీ మన మిషను మీద మనమే అతికి కట్టుకోవాలి. ఆ ముక్కల్లో పేర్లను ఎవరూ చదవలేకుండా మార్చేసే భాగం ఒకటి ఉండాలి. తాళం అన్నమాట. మేం దాన్ని అరవంలో లాగే పూట్టు అంటాం. ఫ్లాపీలన్నీ వచ్చాయి, పూట్టు రాలేదు. అలాంటివి దేశం దాటించకూడదని వాళ్ళ సర్కారు చట్టమట. జతచేసిన కాగితంలో, తాళం భాగం ఉంటే మంచిది, లేకున్నా ప్రోగ్రాం చక్కగా నడుస్తుంది అని రాశారు.

ఉంటే మంచిది అన్న మాట చదవగానే సారు మొహం చూడాలి. చేతిబ్రేకు డ్రైవరు అమెరికా పోయి చేరినాడా అన్నాడు.

నాకు ఆయన మీద ఒళ్ళు మండేది. ఎందుకంటే మా ఆసుపత్రి పెద్ద డాక్టర్ అన్బళగన్ ఒక మాటిచ్చాడు. దాతలు తనిఖీకి వచ్చే సోమవారానికి ప్రోగ్రాం నడిస్తే నా ఉద్యోగం ఖాయం. నడవకపోతే దినకూలీ కూడా ఉండదు. సారేమో రోజూ పొద్దున ఆఫీసు గది వాకిట్లో నిలబడి "పూట్టు లేదు" అని వరండా అంతా మోగేలా ఒకసారి చాటి, టీ తాగి కూర్చునేవాడు. నర్సులు నవ్వేవాళ్ళు. నేను పళ్ళు నూరుకునేదాన్ని.

ఇంకో సంగతి కూడా ఉంది. దాచి లాభం లేదు. నేనూ ఆ జాబితాలో మనిషినే. రెండేళ్ళ కింద నా వీపు మీద స్పర్శ లేని మచ్చ ఒకటి లేచింది. మా పిన్ని ఊరు బి. మల్లాపురంలో ఈ ఆసుపత్రి వాళ్ళే నెలకోసారి శిబిరం పెడితే అక్కడ చూపించుకొని, ఇంట్లో రక్తం మాత్రలని చెప్పి మింగుతున్నాను. ఇంకా ఎనిమిది నెలలు మింగాలి. ఆసుపత్రి ఆఫీసులో ఎవరికీ తెలియదు. మా వీధిలో తెలిస్తే మా నాన్నను ఇల్లు కట్టడానికి ఒక్కడు పిలవడు. మాది పెద్దరోగం ఇల్లు అయిపోతుంది. ఊళ్ళో దేవుళ్ళకు కొదవ లేదు గానీ ఈ ఒక్క మాటకు మాత్రం ఎవరికీ జాలి పుట్టదు.

మిషనులోకి ఎక్కించమని శిబిరాల కార్డులన్నీ ఒక పెట్టెలో వేసి నా ముందు పెట్టారు. నాలుగువందల పన్నెండు కార్డులు. మూడోరోజు నా చేతికి నా కార్డే వచ్చింది. చుట్టూ చూశాను. సారు గోడవైపు తిరిగి టీ తాగుతున్నాడు. కార్డును మడిచి టిఫిను డబ్బా మూతలో పెట్టుకున్నాను. దానివల్ల ఏమవుతుందో నాకు తెలుసు. ఫిబ్రవరి నుంచి మాత్రల పొట్లాలు మిషను జాబితా చూసే కడతారు. అందులో లేనివాళ్ళకు పొట్లం రాదు. మాత్రలు ఆగితే చేతివేళ్ళు ఏమవుతాయో రోజూ ఆ వరండాలో చూస్తూనే ఉన్నాను. అయినా పేరు బయటపడడం కంటే అదే మేలు అనుకున్నాను.

అప్పటినుంచి లెక్కపెట్టే మనిషి పక్కన కూర్చోవడం ఎట్లా ఉంటుందో మీకు చెప్పలేను. గుండుసూది తక్కువైనా చాటే మనిషి ఆయన. ఎప్పుడు వాకిట్లో నిలబడి ఒక కార్డు లేదు అంటాడో అని, ఆయన కుర్చీ జరిపినప్పుడల్లా వాకిలి వైపు చూసేదాన్ని. ఆయన పూట్టు గురించి తప్ప మాట్లాడలేదు. నా అదృష్టం, ముసలాయన లెక్క తప్పాడు అనుకున్నాను.

ఒకరోజు సారు బెంగళూరు బయలుదేరాడు. ఆ తాళం ఎట్లా చేయాలో లెక్కంతా పుస్తకంలో అచ్చయే ఉందట. ప్రోగ్రాం సముద్రం దాటకూడదు గానీ పుస్తకం దాటొచ్చట. ఆ చట్టం చేసినవాళ్ళ తెలివికి దండం పెట్టాలి. పాత స్నేహితుడి దగ్గర ఆ పుస్తకం నకలు తెచ్చుకొని పూట్టు తానే చేస్తానన్నాడు. తాను వచ్చేవరకు ప్రోగ్రాం కట్టొద్దని నాకు మూడుసార్లు చెప్పాడు.

ఆయన పోయినది గురువారం. దాతలు వచ్చేది సోమవారం. శనివారం డాక్టరు నన్ను పిలిచి ఏమ్మా అన్నాడు. ఆ ఒక్క మాట చాలు. వచ్చి మిషను ముందు కూర్చొని, సారు కాగితం మీద రాసి పెట్టుకున్న ఆజ్ఞలు చూసి ప్రోగ్రాం కట్టేశాను. మిషను ఒక్క ముక్క కూడా అనలేదు. తాళం ఏదని అడగలేదు, లేదని చెప్పలేదు. కట్టడం అయిపోయాక ప్రోగ్రాం తెరిస్తే రహస్యపదం చెప్పమని దర్జాగా అడిగింది. రహస్యపదం అడుగుతోందంటే తాళం ఉన్నట్టే కదా అనుకున్నాను. అట్లా అనుకోవడం నాకు ఆ రోజు అవసరం.

దాతలు వచ్చారు. మిషను వాళ్ళనూ రహస్యపదం అడిగింది. వాళ్ళు తలలూపారు. నా ఉద్యోగం ఖాయమైంది. ఇంట్లో మా అమ్మ చిన్నత్తాయి పాయసం చేసింది.

మా ఆసుపత్రిలో వీరన్ అని ఒక కంపౌండరు ఉండేవాడు. వాడికి తెలిసిన విషయం వాడి కడుపులో కాఫీ చల్లారేంతసేపు కూడా ఉండదు. నేను భోజనానికి పోయినప్పుడు వాడు మిషను ముందు కూర్చొని, జాబితాను తెర మీదికి తెప్పించడానికి నేను రోజూ కొట్టే రెండు మాటలు కొట్టి చూశాడు. ప్రోగ్రాం దాకా పోనే అక్కర్లేదు. అది రహస్యపదం అడిగేది ముందు వాకిట్లో. వెనక గోడే లేదు. పేర్లన్నీ ఊరితో, వయసుతో తెర మీద జాతరలా పోయాయి.

అందులో పెరుమాయి పేరు ఉంది. బస్‌స్టాండు దగ్గర గంపలో ఇడ్లీలు పెట్టుకొని అమ్మే మనిషి. రోగం నయమై మూడేళ్ళయింది. రెండు రోజుల్లో ఆమె గంప మధ్యాహ్నం దాకా నిండుగానే ఉండిపోయింది. నేను ఆ దారిన పోతూ చూశాను. ఆమె గుడ్డ తీసి ఇడ్లీలు చూసుకొని మళ్ళీ గుడ్డ కప్పుతోంది. నాలుగువందల పదకొండు మందిని నడివీధిలో నిలబెట్టి నా ఒక్కదాని కార్డు డబ్బాలో దాచుకున్నాను. నన్ను నేను తిట్టుకోవడానికి ఆ రోజు తెలుగు, అరవం రెండూ చాలలేదు.

సారు తిరిగొచ్చాడు. కట్టినావా అని అడిగాడు. కట్టినా సార్ అన్నాను. పెరుమాయి సంగతి కూడా నేనే చెప్పేశాను. ఊరంతా వినేలా నా పేరు చాటుతాడని తలవంచుకొని నిలబడ్డాను. ఆయన లేచి, మిషను వైరుకున్న ప్లగ్గు విప్పదీసి సంచిలో వేసుకొని, "దీనికి ప్లగ్గు లేదు" అని అట్ట మీద రాసి తెరకు తగిలించాడు. డాక్టరు పరుగున వచ్చి, దాతలే మెచ్చుకున్నారు కదయ్యా, రహస్యపదం అడుగుతోంది కదయ్యా అని అరిచాడు. వాకిలికి రెక్క ఉండాది, ఇంటికి గోడ లేదు అని సారు వరండాలో చాటి ఇంటికి పోయాడు. తర్వాత పంతొమ్మిది రోజులు ఆ ప్లగ్గు ఆయనతోపాటే వచ్చేది, ఆయనతోపాటే పోయేది.

మర్నాడు పొద్దున బస్‌స్టాండులో జనం నిండుగా ఉన్న వేళ ఆయన పెరుమాయి గంప ముందు గొంతుక్కూర్చున్నాడు. నేను కాస్త దూరంలో బస్సు కోసం నిలబడి ఉన్నాను. నాలుగు ఇడ్లీలు పెట్టించుకున్నాడు. తిన్నాడు. ఇంకో నాలుగు అడిగాడు. చుట్టూ మనుషులు ఈయనకు మతి పోయిందా అన్నట్టు చూస్తున్నారు. అప్పుడు ఆయన లేచి, చెయ్యి కడుక్కొని, ఆ రోజు బస్సు మెట్టెక్కి చాటిన గొంతుతోనే అరవంలో అందరికీ చెప్పాడు. తెలుగులో చెప్పాలంటే ఇంతే:

"ఈ ఇడ్లీలో ఉప్పు లేదు. చట్నీలో కారం లేదు. ఈమెకు రోగం లేదు. తెలిసి తినండి."

పెరుమాయికి కోపం వచ్చింది. రోగం సంగతికి కాదు, ఉప్పు సంగతికి. ఇరవై ఏళ్ళుగా నా ఇడ్లీకి ఉప్పు లేదన్న మగాడు పుట్టలేదని గరిటె ఎత్తుకొని లేచింది. ఇంకో రెండు తిని చూడమని బలవంతాన పెట్టింది. ఆయన తిని, లేదు, ఇప్పటికీ లేదు అన్నాడు. కండక్టరు ఒకడు నవ్వి, నేను చూస్తానుండు అని ఒకటి తీసుకున్నాడు. ఉప్పు ఉందని వాడు, లేదని ఈయన. పంచాయతీ తీర్చడానికి ఇంకో ఇద్దరు తిన్నారు. ఊరు ఆ ఒక్కరోజులో బాగుపడిపోలేదు లెండి. కొందరు ఇప్పటికీ ఆమె గంప దగ్గర ముక్కు మూసుకొని పోతారు. కానీ ఆ రోజు గంప పది గంటలకే ఖాళీ అయింది. సారు మాత్రం పది ఇడ్లీలు తిన్నందుకు రెండు రోజులు మజ్జిగ మీద ఉన్నాడని గౌరమ్మ నాతో మొర పెట్టుకుంది.

పంతొమ్మిదో రోజు పూట్టు తయారైంది. ఆయన వీరన్‌ను పిలిచి మళ్ళీ ఆ రెండు మాటలు కొట్టమన్నాడు. తెర మీద పేర్ల బదులు పిచ్చిగీతలు పారాయి. వీరన్ మొహం వాడిపోయింది. తాళం ముక్క లేకుండా ఎవరైనా కట్టబోతే మిషను అక్కడికక్కడే ఆగి, తాళం లేదు అని పెద్ద అక్షరాలతో చెప్పేలా కూడా సారు మార్చాడు. లేకుండానే కట్టుకుంటాను అనుకొనేవాడు ఆ మాట తన చేతులతో కొట్టి ఒప్పుకుంటేనే పని సాగుతుంది. ఆ మార్పును కాగితం మీద రాసి అమెరికా వాళ్ళకూ పంపాడు. వాళ్ళు పెట్టుకున్నారో లేదో నాకు తెలియదు.

ఆ సాయంత్రం అందరూ పోయాక సారు తలుపు దగ్గరగా వేసి నా ఎదురుగా కూర్చున్నాడు. ఆయన గొంతు తగ్గించడం నేను అదే మొదటిసారి వినడం.

"పెట్టెలో నాలుగువందల పన్నెండు కార్డులు వచ్చినాయి సరసూ. మిషనులో నాలుగువందల పదకొండు ఉండాయి."

ఎప్పుడు తెలిసింది సార్ అని అడిగాను.

"మూడో దినమే. పెట్టె రాంగానే నేను లెక్కపెట్టి ఊరివారీగా రాసుకొంటిని. మల్లాపురం కార్డు ఒకటి లేదు. ఆ పొద్దు నువ్వు టిఫిను తినకుండా డబ్బా ఇంటికి తీసకపోతివి."

ఎందుకు అడగలేదు, అన్నిటికీ చాటుతారు కదా అన్నాను. నా గొంతులో కోపమే వచ్చింది, ఏడుపు రావలసిన చోట.

"పూట్టు లేని పెట్టిలో పెట్టమని నిన్ను ఎట్ల అడిగేది?" అన్నాడు. "ఇప్పుడు ఉండాది. అందుకే అడగతాండా."

ఇన్నాళ్ళూ పొద్దున పొద్దున వరండాలో పూట్టు లేదని ఆయన అరుస్తుంటే అమెరికా వాళ్ళ మీద అరుస్తున్నాడనుకున్నాను. నేను నా ఉద్యోగానికి అడ్డమని తిట్టుకున్న మనిషి నా మాత్రల కోసం బెంగళూరు దాకా పోయి వచ్చాడు. నాకు ఆ క్షణాన ఆయన మీద ఎంత ప్రేమ కలిగిందో చెబితే ఆయన వినడు, అందులో ఏం లేదో వెతుకుతాడు.

నాలుగువందల పన్నెండో చోటు ఖాళీగా ఉంచానని, పొట్లం ఆ నంబరు మీదే వస్తుందని, పేరు నేనే కొట్టుకోవాలని, దాని రహస్యపదం తనకు కూడా చెప్పొద్దని అన్నాడు. తర్వాత కుర్చీ ఎత్తి గోడవైపు తిప్పుకొని, నాకు వీపు చూపించి కూర్చున్నాడు. డబ్బాలోంచి కార్డు తీశాను. మడతలు పడి నూనె మరకలయింది. ఆ చీకటి గదిలో నా పేరు నేను ఒక్కొక్క అక్షరమే కొడుతుంటే, గోడవైపు నుంచి ఆయన నోరు పట్టలేక గొణగడం మొదలుపెట్టాడు. ఈ మూల సున్నం లేదు. ఈ మేకుకు తల లేదు. ఈ క్యాలెండరులో ఈ నెల లేదు. నాకు ఏడుపు మధ్యలో నవ్వొచ్చింది. చెయ్యి జారి నా పేరే తప్పుగా పడింది.

అయిందా అని ఆయన తల తిప్పబోయాడు.

"తిరక్కండి సార్, ఇంకా కాలేదు" అని కసిరి, మళ్ళీ మొదటినుంచి కొట్టుకున్నాను.